వంద అంకెల్లో మనకు కావలసినవి ఎన్ని?

2023 డిసెంబరు మొదటి వారంలో తెనాలి మండలం కొలకలూరు లాంటి ఊళ్ల రైతులందరిదీ ఒకటే తర్జనభర్జన: వరి కోయాలా, ఆపాలా? సార్వా పైరు చేతికొచ్చే రోజులవి. కోసి పరిచిన పనలు మూడు నాలుగు రోజులు ఎండితేగానీ కుప్ప వేయడానికి రావు. ఆలోపు వాన పడితే పనలు నానిపోతాయి, గింజ రంగు మారుతుంది, చేలోనే మొలకొస్తుంది. కోయకుండా ఉంచితే గాలికి పైరు పడిపోవచ్చు. మిషన్‌తో తొందరగా కోయిస్తే పచ్చి ధాన్యంలో తేమ ఎక్కువగా ఉంటుంది, కొనుగోలు కేంద్రం ఒప్పుకునే తేమ 17 శాతమే.

అదే సమయంలో డిసెంబరు 1న బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడింది. 3న అది తుపానై మిచాంగ్ అనే పేరు తెచ్చుకుంది. కొన్ని పత్రికలు మిగ్‌జాం అని రాశాయి. 4న తీవ్ర తుపానుగా బలపడింది. చెన్నైని ముంచెత్తి, కోస్తా వెంబడే పైకి జరిగి, 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో వీచింది. గుంటూరు, బాపట్ల, కృష్ణా జిల్లాల్లో వరి నేలవాలింది.

ఈ ఐదు రోజుల్లో రైతుకు సమాచారం కరువేమీ లేదు. వాతావరణ శాఖ బులెటిన్లు, టీవీలో గంటగంటకూ మారే పటాలు, వాట్సాప్‌లో తిరిగే ఉపగ్రహ చిత్రాలు, ఫోన్లో రెండు మూడు వాతావరణ యాప్‌లు అన్నీ ఉన్నాయి. తుపాను కేంద్రంలో పీడనం ఎన్ని మిల్లీబార్లో, గాలి ఎన్ని నాట్లో, అమెరికా నమూనా ఏమంటోందో, యూరప్ నమూనా ఏమంటోందో అరచేతిలోనే కనిపిస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. చాలా ఊళ్లకు హెచ్చరిక చేరేలోపే సముద్రం చేరింది, దాదాపు పది వేల మంది ప్రాణాలు పోయాయి. అప్పుడు సమాచారం లేక నష్టపోయాం. ఇప్పుడు ఉన్నా, దాంతో ఏం చేయాలో తేల్చుకోలేక చేతులు కట్టుకుని కూర్చుంటున్నాం.

సమాచారం మితిమీరినప్పుడు తీర్పు ఎందుకు తడబడుతుంది, తడబడకుండా ఉండాలంటే ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి అన్న ప్రశ్నలకు గణాంక శాస్త్రం దగ్గర గట్టి సమాధానమే ఉంది. అందులో ముఖ్యమైన భాగాన్ని నిరూపించినవాడు మన తెలుగువాడే.

## వివరాలు పెరిగితే తీర్పు మెరుగుపడుతుందా?

1973లో పాల్ స్లోవిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గుర్రప్పందేల అంచనాలు వేయడమే వృత్తిగా ఉన్న ఎనిమిది మందిని పరీక్షించాడు. పాత పందేల వివరాలను గుర్రాల పేర్లు తీసేసి ముందు పెట్టి, ఏ గుర్రం గెలిచి ఉంటుందో చెప్పమన్నాడు. మొదటి విడతలో ఒక్కొక్కరూ తమకు ముఖ్యమనిపించిన ఐదు వివరాలే కోరుకోవాలి. తర్వాతి విడతల్లో పది, ఇరవై, నలభై వివరాలు ఇచ్చాడు. ప్రతిసారీ తమ అంచనా మీద తమకెంత నమ్మకముందో కూడా చెప్పించుకున్నాడు.

ఐదు వివరాలతో ఎంత సరిగ్గా చెప్పారో, నలభైతోనూ దాదాపు అంతే సరిగ్గా చెప్పారు. పెరిగిందల్లా నమ్మకం. అది ఇంచుమించు రెట్టింపయింది. తప్పు చేసే అవకాశం తగ్గలేదు, తప్పు చేస్తున్నామన్న అనుమానం మాత్రం తగ్గింది. ఈ ప్రయోగంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

ఎందుకిలా జరుగుతుందో చూద్దాం. మొదటి కారణం మన బుర్రలోనే ఉంది. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకుని పోల్చి చూడగల విషయాలు చాలా కొద్ది. 1956లో జార్జ్ మిల్లర్ వీటిని ఏడు, అటూ ఇటూ రెండు అన్నాడు. 2001లో నెల్సన్ కొవాన్ ఆ సంఖ్యను నాలుగు దగ్గరికి దించాడు. నలభై వివరాలు ముందుంటే మనం నలభైనీ తూచం. కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించినవో, చివర విన్నవో, ముందే మనం అనుకున్నదానికి వంత పాడినవో నాలుగు పట్టుకుంటాం. ఏ నాలుగు పట్టుకున్నామో మనకే తెలియదు.

రెండో కారణం ఇంకా లోతైనది. సమాచారం పది చోట్ల నుంచి వచ్చినంత మాత్రాన అది పది సాక్ష్యాలతో సమానం కాదు. ఆరు చానెళ్లు, మూడు వాట్సాప్ గ్రూపులు తుపాను కావలి దగ్గర తీరం దాటుతుందని చెప్పాయనుకుందాం. అవన్నీ ఉదయం వచ్చిన ఒకే బులెటిన్‌ను తిరగరాసినవైతే సాక్షి ఒక్కడే. మన మనసు మాత్రం తొమ్మిది మంది చెప్పారని లెక్కేసుకుంటుంది. స్లోవిక్ ఇచ్చిన నలభై వివరాల్లో కూడా చాలావరకు ఒకదాన్నొకటి పోలినవే అయి ఉండవచ్చు. ఐదో వివరం దాటాక కొత్త సంగతి చెప్పేవి తక్కువే అయి ఉండాలి.

## ఆరోగ్యవంతుడి రిపోర్టులో ఎర్ర గీత

మూడో కారణం అంకెల్లోనే పుడుతుంది. తెనాలిలోనో గుంటూరులోనో మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకున్న ఎవరికైనా ఇది అనుభవంలోకి వచ్చే ఉంటుంది. చేతికొచ్చిన రిపోర్టులో ఏదో ఒక వరుసకు ఎర్ర గీతో, పక్కన నక్షత్రం గుర్తో ఉంటుంది. ఆ పూటకు అన్నం సహించదు.

ఆ గీత ఎలా వస్తుంది? చాలా రక్తపరీక్షలకు మామూలు పరిధిని ఇలా నిర్ణయిస్తారు: ఆరోగ్యంగా ఉన్నవాళ్లను చాలామందిని పరీక్షించి, వాళ్లలో 95 శాతం మంది విలువలు ఏ రెండు అంకెల మధ్య ఉంటాయో చూస్తారు. ఆ రెండు అంకెలే పరిధి. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనూ నూటికి ఐదుగురు ఆ పరిధి బయట ఉంటారు. పరిధి నిర్వచనంలోనే అది ఉంది.

ఒక్క పరీక్షే చేయించుకుంటే ఆరోగ్యవంతుడికి ఎర్ర గీత పడే అవకాశం 5 శాతం. పది పరీక్షలైతే, ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే, కనీసం ఒక గీత పడే అవకాశం 40 శాతం. ఇరవై అయితే 64. అరవై పరీక్షల ప్యాకేజీ అయితే 95. నిజానికి రక్తపరీక్షలు కొన్ని ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అసలు అంకెలు కాస్త తగ్గుతాయి. అయినా పోకడ ఇదే. పరీక్షలు పెరిగేకొద్దీ జబ్బులేని మనిషిలో కూడా ఏదో ఒకటి తేడాగా కనిపించి తీరుతుంది. ఆ గీతను పట్టుకుని ఇంకో పరీక్ష, దాన్నిబట్టి స్కానింగ్, ఆ తర్వాత మరొకటి.

డాక్టరు ఏదో లక్షణం చూసి, ఫలానా జబ్బు అయి ఉండొచ్చని అనుమానించి రాసిన ఒక్క పరీక్షకు ఈ చిక్కు చాలా తక్కువ. ఆ పరీక్షకు ముందే ప్రశ్న ఉంది. ప్యాకేజీలో ముందు జవాబులొస్తాయి, వాటికి ప్రశ్నలు మనం తర్వాత వెతుక్కుంటాం.

## కలకత్తా తరగతి గదిలో ఒక సందేహం

మొదట చెప్పుకున్న ఆ తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920 సెప్టెంబరు 10న హడగళిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది. చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, 1941 జనవరిలో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1944లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. కొలతలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో ఆర్.ఎ. ఫిషర్ చెప్పిన ఫలితం ఆనాటి పాఠం. కొలతలు కొన్నే ఉంటే సంగతేమిటని ఒక విద్యార్థి అడిగాడు. ఆ విద్యార్థి తర్వాత ప్రసిద్ధ ఆర్థికవేత్త అయిన వి.ఎం. దాండేకర్. రావుగారు ఆ రాత్రి కూర్చుని జవాబు సాధించి, మర్నాడు తరగతిలో చెప్పారు.

1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చయిన ఆయన వ్యాసంలో ఆ జవాబుతో పాటు ఇంకొక ఫలితం ఉంది. దాన్ని 1947లో అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ విడిగా కనుక్కోవడంతో రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అని పేరొచ్చింది. మన ప్రశ్నకు నేరుగా తగిలేది ఈ రెండోదే.

ఫిషర్ అప్పటికే ఒక భావనను ప్రవేశపెట్టి ఉన్నాడు. కొలతల కుప్పలో, మనం అడుగుతున్న ప్రశ్నకు సంబంధించిన సంగతంతా ఒక చిన్న సారాంశంలోకి దిగవచ్చు. ఆ సారాంశం చేతిలో ఉంటే మిగతా వివరాలు ఆ ప్రశ్నకు కొత్తగా ఏమీ చెప్పవు. గణాంక శాస్త్రంలో దీన్ని పర్యాప్త సారాంశం అంటారు. రావుగారు ఒకడుగు ముందుకేసి నిరూపించింది ఏమిటంటే, ఆ సారాంశానికి బయట ఉన్న వివరాల మీద ఆధారపడిన అంచనా ఏదైనా సరే, ఆ వివరాలను తొలగించే పద్ధతి ఒకటుంది. తొలగిస్తే అంచనా మెరుగన్నా అవుతుంది, ఉన్నచోటన్నా ఉంటుంది, చెడదు. ఏ ఒక్క సందర్భానికో వర్తించే చిట్కా కాదిది, గణితం. అనవసరమైన వివరాన్ని వదిలేయడం బద్ధకం కాదని, కొన్నిసార్లు అదే సరైన పని అని ఒక పాతికేళ్ల యువకుడు రుజువు చేశాడు.

> బాక్స్: వంద గింజల మొలక కట్టు
>
> విత్తన వడ్లు బాగున్నాయో లేదో చూడ్డానికి రైతులు గింజల్ని తడిగుడ్డలో కట్టి మొలక చూస్తారు. వంద గింజలు కట్టామనుకుందాం. నాలుగైదు రోజుల తర్వాత విప్పి ఒక్కొక్కటీ చూస్తూ మొలిచింది, మొలవలేదు అని వరుసగా వంద మాటలు రాసుకున్నాం. 87 మొలిచాయి, 13 మొలవలేదు.
>
> విత్తనం మొలక శాతం ఎంత అన్నదే ప్రశ్న అయితే ఆ వంద మాటల వరుస అక్కర్లేదు. 87 అన్న ఒక్క అంకె చాలు. ఏడో గింజ మొలవలేదా, డెబ్భయ్యోదా అన్నది మొలక శాతం గురించి ఏమీ చెప్పదు. ఇక్కడ పర్యాప్త సారాంశం 87.
>
> ఇప్పుడు ఒక తొందరపాటు మనిషి ఉన్నాడనుకుందాం. మొదటి గింజ మాత్రమే చూసి, మొలిస్తే విత్తనం నూటికి నూరు శాతం మంచిదని, మొలవకపోతే పనికిరాదని తేల్చేస్తాడు. అతని అంచనా గింజల వరుస మీద ఆధారపడింది. రావుగారి పద్ధతి ప్రకారం ఆ అంచనాను ఇలా సరిచేస్తాం. మొలిచినవి 87 అన్నది మార్చకుండా, గింజలు ఏయే వరుసల్లో రాగలవో అన్ని వరుసలూ ఊహించి, ప్రతి వరుసలోనూ ఆ మనిషి ఏమంటాడో రాసి సగటు తీస్తాం. నూటికి 87 వరుసల్లో మొదటి గింజ మొలిచినదే అవుతుంది, అప్పుడు 100 అంటాడు. 13 వరుసల్లో సున్నా అంటాడు. సగటు 87. అంత మొరటు అంచనా కూడా, వరుస అనే అనవసర వివరాన్ని తీసేసేసరికి మంచి అంచనాగా మారింది.
>
> ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస మొలక ప్రమాణం 80 శాతం. 87 ఉంది కాబట్టి నారు పోసుకోవచ్చు.

## ప్రశ్న మారితే పక్కన పెట్టింది పనికొస్తుంది

పై ఉదాహరణలో చిన్న మార్పు చేద్దాం. మొదటి యాభై గింజలు ఒక సంచిలోవి, తర్వాతి యాభై ఇంకో సంచిలోవి అనుకోండి. రెండు సంచులూ ఒకే నాణ్యతతో ఉన్నాయా అన్నది ఇప్పటి ప్రశ్న. 87 అన్న అంకెతో దీనికి జవాబు రాదు. ఏ గింజ ఏ వరుసలో ఉందో కావాలి. ఇందాక అనవసరమని తీసేసిందే ఇప్పుడు అవసరమైంది.

నా దృష్టిలో ఈ విషయం మొత్తానికి ఇదే ఇరుసు. ఏ వివరానికీ దానంతటది విలువ లేదు. ఏ నిర్ణయం కోసం చూస్తున్నామో తేలాకే ఏది గింజ, ఏది తాలు అన్నది తేలుతుంది. అందరూ చెప్పే సలహా ముందు సమాచారమంతా సేకరించి, ఆ తర్వాత ఆలోచించమని. ఆ వరుసే తప్పు. నిర్ణయం ఏమిటో రాసుకోవడం మొదటి పని.

దీనికి బాపట్ల నుంచే మంచి సాక్ష్యం ఉంది. మనం తినే సన్నబియ్యంలో పేరుపడ్డ సాంబ మసూరి, అదే బి.పి.టి. 5204, బాపట్ల వ్యవసాయ పరిశోధనలో పుట్టి 1986లో విడుదలైంది. గింజ సన్నం, అన్నం రుచి, మిల్లులో దిగుబడి అన్నీ బాగున్నా, బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. రుచి చెడకుండా తెగులును తట్టుకునేలా మార్చడానికి హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలనాలయం కలిసి పనిచేశాయి.

వరి జన్యు గ్రంథంలో దాదాపు 39 కోట్ల అక్షరాలుంటాయి. శాస్త్రజ్ఞులు తెగులును అడ్డుకునే మూడు జన్యువులను ఒకే మొక్కలోకి చేర్చాలనుకున్నారు: ఎక్స్‌ఎ 21, ఎక్స్‌ఎ 13, ఎక్స్‌ఎ 5. ఇందులో చిక్కేమిటంటే ఒక్క జన్యువు ఉన్నా మొక్క తెగులును చాలావరకు తట్టుకుని ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మూడూ ఉన్న మొక్కకూ, ఒకటే ఉన్న మొక్కకూ చేలో తేడా తెలియదు. పైగా మూడింట్లో రెండు జన్యువులు, ఒక్కొక్కటీ రెండు ప్రతులుగా ఉంటే తప్ప బయటపడవు. ఆకులు కొలిచి, మచ్చలు లెక్కించి ఎన్ని పుస్తకాలు నింపినా ఈ ప్రశ్నకు జవాబు రాదు. అందుకే డి.ఎన్.ఎ.లో ఆ మూడు చోట్ల ఉన్న గుర్తులను చూసి మొక్కల్ని ఏరారు. మిగిలినవాటిలోనే సాంబ మసూరి పోలికలు ఎక్కువున్నవాటిని ఎంచుకున్నారు. మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో రైతులకు అందింది. 39 కోట్ల అక్షరాల్లో ముందుగా చూడాల్సినవి మూడు చోట్లేనని తేల్చగలిగింది ప్రశ్న పదునుగా ఉండబట్టే.

## గీత ఎక్కడ గీసుకోవాలి?

మళ్లీ డిసెంబరు చేలోకి వద్దాం. కోసిన పనలు చేలో పరిచి ఉన్నాయి, ఇంకా పూర్తిగా ఎండలేదు. ఈ రోజే కూలీలను పెట్టి కుప్ప వేయించి, పైన పట్టాలు కప్పించాలా? ఎండేదాకా ఆగాలా?

లెక్క తేలిక కోసం, ఇప్పుడే కుప్ప వేసి కప్పడానికి ఎకరాకు అదనంగా 4,000 రూపాయలు అవుతుందనుకుందాం. వేయకపోతే, వాన నిజంగా వస్తే నష్టం 20,000. ఇలాంటి బెదిరింపు ఐదుసార్లు వచ్చిందని ఊహించండి. ఐదుసార్లూ కుప్ప వేస్తే ఖర్చు 20,000. ఒక్కసారీ వేయకుండా, ఐదింట్లో ఒకసారి వాన కొడితే నష్టమూ 20,000. రెండూ సమానం. కాబట్టి ఐదింట్లో ఒకటికన్నా, అంటే 20 శాతంకన్నా వాన అవకాశం ఎక్కువుంటే కుప్ప వేయాలి, తక్కువుంటే ఆగవచ్చు. ఖర్చును నష్టంతో పోల్చి చూడగా వచ్చిన ఈ 20 శాతమే ఆ రైతు గీత.

గీత గీసుకున్నాక సమాచారం మీద మన చూపే మారిపోతుంది. ఒక యాప్ వాన అవకాశం 40 శాతం అంటోంది, ఇంకొకటి 75 అంటోంది. ఏది నిజమని రచ్చబండ మీద గంటసేపు వాదించుకోవచ్చు. అవసరం లేదు. రెండూ గీతకు పైనే ఉన్నాయి, రెండూ చెప్పేది కుప్ప వేయమనే. ఒకటి 10, ఇంకొకటి 30 అంటే మాత్రం అవి గీతకు అటొకటి, ఇటొకటి ఉన్నట్టు. అప్పుడు ఇంకో వివరం వెతకడం అర్థమున్న పని. కొత్త సమాచారం మనల్ని గీతకు ఒక పక్క నుంచి మరో పక్కకు జరపగలిగితేనే దానికి ఈ నిర్ణయంలో విలువ.

గీత అందరికీ ఒకచోటే ఉండదు కూడా. సొంత పొలం ఉండి, ఒక పంట పోయినా తట్టుకోగలిగిన ఆసామికి పై లెక్క సరిపోతుంది. కౌలు బస్తాలు కొలవాలి, పెట్టుబడి అప్పు తీర్చాలి అన్న కౌలు రైతుకు ఒక్క ఏడాది దెబ్బే కోలుకోలేనిది. సగటు లెక్క అతనికి చాలదు. అతని గీత ఇంకా కిందికి, పది శాతం దగ్గరికో అంతకన్నా తక్కువకో దిగాలి. డెల్టాలో సాగుచేసేవాళ్లలో కౌలు రైతులు ఎంతమందో తెలిసినవాళ్లకు ఇది చిన్న సవరణగా తోచదు.

పైరు ఇంకా నిలబడి ఉన్నవాళ్లకు ప్రశ్నే వేరు: పనలు ఎండడానికి పట్టే రోజుల్లో వాన ఉందా? ఉందంటే కోత ఆపి, చేలో నీరు బయటికి పోయేలా బోదెలు తీసుకోవడమే. తుపాను ముందు వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పేదీ ఇదే. అప్పటికే తడిసిన పనలున్నవాళ్లకు ఇంకో ప్రశ్న, దానికి ఇంకో జవాబు: లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లితే గింజ మొలకెత్తడం తగ్గుతుంది. మూడు పరిస్థితులకు మూడు ప్రశ్నలు. తుపాను కేంద్రంలో ఎన్ని మిల్లీబార్లన్నది ఈ మూడింటిలో దేనికీ అక్కర్లేదు.

## ఇక చాలు అనుకోవడం ఎప్పుడు?

ఇంకొక్క రోజు చూద్దాం, ఇంకొక్క బులెటిన్ రానీ అనుకుంటూ నిర్ణయాన్ని వాయిదా వేయడం సమాచారం మితిమీరినచోట కనిపించే మరో జబ్బు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే ప్రశ్న ఆయుధ కర్మాగారాల్లో వచ్చింది. తయారైన సరుకు బాగుందో లేదో తెలియాలంటే పరీక్షించాలి, పరీక్షించిన గుండు పేలిపోయి వృథా అవుతుంది. ఎన్నింటిని పరీక్షించాలి?

1943లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అబ్రహాం వాల్డ్ ఒక మార్గం చూపాడు. ఎన్ని పరీక్షలో ముందే నిర్ణయించవద్దు. రెండు హద్దులు మాత్రం ముందే గీసుకో. ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ, ప్రతి ఫలితం తర్వాతా ఇప్పటిదాకా వచ్చిన సాక్ష్యం పై హద్దు దాటిందా, కింది హద్దు దాటిందా చూడు. పైది దాటితే సరుకు తీసుకో, కిందిది దాటితే తిప్పికొట్టు, మధ్యలో ఉంటేనే ఇంకొకటి పరీక్షించు. సరుకు బాగా మంచిదైనా, బాగా చెడ్డదైనా కొద్ది పరీక్షల్లోనే తేలిపోతుంది. సందేహమున్న సరుకుకే ఎక్కువ పరీక్షలు పడతాయి. అంతే కచ్చితత్వంతో చాలా తక్కువ ఖర్చులో పని జరిగేసరికి 1945 దాకా దీన్ని రహస్యంగా ఉంచారు. వాల్డ్ మన దేశానికి ఉపన్యాసాలకు వచ్చి, 1950 డిసెంబరులో నీలగిరుల్లో జరిగిన విమాన ప్రమాదంలో భార్యతో సహా చనిపోయాడు. గణాంక శాస్త్రానికి అది పెద్ద దెబ్బ.

రైతు విషయంలో వాల్డ్ హద్దులకు తోడు గడియారం కూడా ఉంది. కూలీలు దొరకాలి, కుప్ప వేయడానికి ఒక పూట కావాలి. వాన రేపు సాయంత్రమంటే నిర్ణయానికి గడువు రేపు పొద్దున. ఆ తర్వాత ఎంత కచ్చితమైన సమాచారం వచ్చినా దానితో చేయగలిగింది లేదు.

> బాక్స్: పురుటిగదిలో ఐదు గుర్తులు
>
> అప్పుడే పుట్టిన బిడ్డలో గమనించదగినవి ఎన్నో ఉంటాయి. 1952లో న్యూయార్కులో మత్తు వైద్యురాలు వర్జీనియా అప్గార్ వాటిలో ఐదు ఏరింది: గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి సున్నా, ఒకటి లేదా రెండు మార్కులు. పుట్టిన ఒక నిమిషానికి, ఐదు నిమిషాలకు కూడి చూస్తారు. మొత్తం ఏడు, ఆపైన ఉంటే బిడ్డ క్షేమం. బిడ్డ ఊపిరి తీయకపోతే మార్కుల కోసం ఆగకుండానే వైద్యం మొదలుపెడతారు, గీత ముందే గీసి ఉండడమంటే అదే. ఇంత చిన్న లెక్క ప్రపంచమంతటా ప్రసూతి గదుల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది.

## లాకులు కావలసినచోట

ఇంత చెప్పాక ఎక్కువ సమాచారమే చెడ్డదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. తుపాను గమనాన్ని ఐదు రోజుల ముందు పట్టుకోగలుగుతున్నామంటే ఉపగ్రహాలు, మచిలీపట్నం లాంటిచోట్ల ఉన్న డాప్లర్ రాడార్లు, సముద్రంలో తేలే పరికరాలు పంపే లెక్కలేనన్ని కొలతల వల్లే. గాలి, తేమ, వేడిమి కొలతల్లో చిన్న తేడా ఉన్నా నాలుగు రోజుల తర్వాతి లెక్క ఎటో వెళ్తుంది. అందుకని ఒకే లెక్కను, తొలి విలువలను కొద్ది కొద్దిగా మార్చి, చాలాసార్లు వేస్తారు. భారత వాతావరణ శాఖ 2018 జూన్ నుంచి వాడుతున్న పద్ధతిలో ఇలా 21 లెక్కలు పక్కపక్కన నడుస్తాయి. వాటిలో పద్నాలుగు ఒకచోట వాన ఉందంటే అక్కడ వాన అవకాశం ఇంచుమించు మూడింట రెండు వంతులు. కోట్ల కొలతలు లోపలికి వెళ్లి ఒక్క శాతంగా బయటికొస్తాయి. యంత్రానికి ఎంత సమాచారమైనా కావాలి. మనిషికి దాని సారాంశం కావాలి.

కృష్ణ నీళ్లు ప్రకాశం బ్యారేజీ నుంచి పెద్ద కాలువలో వచ్చి, దుగ్గిరాల లాకుల దగ్గర చీలి, పంటకాలువల్లోకి, అక్కడి నుంచి బోదెల్లోకి చేరాకే చేను తడుస్తుంది. నదిని నేరుగా చేలోకి వదిలితే పంట ఉండదు. 2023 డిసెంబరులో రైతు ఫోన్లోకి వచ్చింది లాకుల్లేని నది.

వాతావరణ శాఖ రంగుల హెచ్చరికలు ఇలాంటి లాకులే. ఆకుపచ్చ అంటే చేయాల్సింది ఏమీ లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే కదలమని. మంచి ఆలోచనే. కానీ ఆ రంగు జిల్లా మొత్తానికి ఒకటే, ప్రాణాలను, ఆస్తులను దృష్టిలో పెట్టుకున్నది. పనలు పరిచిన రైతు గీత దానికన్నా చాలా కిందుంటుంది. పసుపు రంగు రోజునే అతను కుప్ప వేయాల్సి రావచ్చు. మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీగా వెలువడే వ్యవసాయ సలహా బులెటిన్లు, తెలుగులో వచ్చే మేఘదూత్ యాప్ ఈ ఖాళీని కొంత పూడుస్తున్నాయి. వాటిలో ఉష్ణోగ్రత, తేమ, గాలి దిశ, మబ్బు అన్నీ ఉంటాయి. రైతు నిర్ణయానికి పనికొచ్చే అంకెను పట్టికలో వెతుక్కోవాలి.

రావుగారు మిచాంగ్ రావడానికి మూడున్నర నెలల ముందు, 2023 ఆగస్టు 22న, అమెరికాలోని బఫెలోలో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అదే ఏడాది ఆయనకు అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి ప్రకటించారు. బహుమతి ఏ కృషికో చెబుతూ ప్రత్యేకంగా పేర్కొన్నది ఆ 1945 నాటి వ్యాసాన్నే. హైదరాబాదులో ఆయన పేరిట గణిత, గణాంక పరిశోధన సంస్థ ఉంది. ఆయన ప్రకటించిన సూత్రాన్ని డెల్టా రైతు ఫోన్లో అమలు చేయడానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కర్లేదు.

వ్యవసాయ, వాతావరణ అధికారులకు ఒక్కటే విన్నపం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, కోతల కాలంలో, మండలాలవారీగా రాబోయే నాలుగు రోజుల్లో పనలు తడిసేంత వాన పడే అవకాశం ఎంత శాతమో ఒక్క అంకె రైతుల ఫోన్లకు రోజూ పంపండి. 21 లెక్కలు ఇప్పటికే నడుస్తున్నాయి, వాటి నుంచి ఈ అంకె తీయడం మీకు కష్టం కాదు. రైతులకు కూడా ఒక మాట: కోతలకు ముందే, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే ఇంట్లో కూర్చుని కుప్ప వేసే ఖర్చు ఎంత, తడిస్తే నష్టం ఎంత, మీ గీత ఎంత శాతం దగ్గర పడుతుందో కాగితం మీద రాసి గోడకు అంటించండి.